పాచిని జయించే నాచు

పాఠ్యాంశ పరిచయం: కంటికి కనిపించని సూక్ష్మజీవులు గుంపుగా చేరి కట్టుకొనే జిగట పొరలు నేటి వైద్యానికి పెద్ద సవాలుగా నిలిచాయి. ఆ సవాలుకు సమాధానాన్ని సముద్రపు నాచులో వెదుకుతున్న శాస్త్రజ్ఞుల కృషిని ఈ వ్యాసం వివరిస్తుంది.

తెల్లవారి లేవగానే మనం చేసే మొదటి పని పళ్ళు తోముకోవడం. రాత్రంతా నోటిలో పేరుకొన్న జిగటను మన పెద్దలు 'పాచి' అన్నారు. ముఖం కడగకుండా పిల్లలు ఏదైనా నోట్లో వేసుకొంటే 'పాచినోటితో తింటావేమిరా' అని అమ్మమ్మలు మందలిస్తారు. చెరువు మెట్లమీద కాలు జారేటట్లు చేసే పచ్చని పొర కూడా పాచియే. నాలుగు రోజులు తోమని నీళ్ళకుండ అడుగున చేతికి తగిలే జిగురూ పాచియే. ఈ మూడింటికీ ఒకే మాట వాడిన మన పూర్వులకు సూక్ష్మదర్శిని తెలియదు. అయినా ఆ మాటలో శాస్త్రసత్యం ఇమిడి ఉంది. ఈ మూడూ తడి తగిలే గట్టి వస్తువును ఆశ్రయించి సూక్ష్మజీవులు కట్టుకొన్న కాపురాలే. వీటినే నేటి శాస్త్రజ్ఞులు 'బయోఫిల్మ్' అంటున్నారు. మనం 'జీవపొర' అని చెప్పుకోవచ్చు.

జీవపొరను మొట్టమొదట కంటితో చూసినవాడు పండితుడు కాడు. హాలెండు దేశంలో డెల్ఫ్ట్ నగరవాసి అయిన ఆంటనీ వాన్ లీవెన్‌హుక్ అనే బట్టల వర్తకుడు. ఆయన తాను స్వయంగా అరగదీసుకొన్న కటకాలతో సూక్ష్మదర్శినులు తయారుచేసుకొన్నాడు. తన పంటిమీది పాచిని గీరి, దానిలో కదలాడే చిన్న ప్రాణులను చూసి, ఆ వింతను 1683లో లండన్‌లోని రాయల్ సొసైటీకి లేఖగా రాశాడు. ఆయన మరొక సంగతి కూడా గమనించాడు. వెనిగరుతో నోరు కడుక్కొంటే పాచి పైభాగంలోని జీవులు మాత్రమే చచ్చాయి. లోపలివి క్షేమంగా ఉన్నాయి. మూడు శతాబ్దాల తరువాత వైద్యలోకాన్ని కలవరపెట్టబోయే సమస్య అంతా ఆ ఒక్క పరిశీలనలోనే ఉంది. కానీ అప్పట్లో ఎవరూ దానిని పట్టించుకోలేదు.

తరువాతి కాలంలో సూక్ష్మజీవశాస్త్రం మరొక దారిన నడిచింది. పందొమ్మిదవ శతాబ్దంలో లూయీ పాశ్చర్, రాబర్ట్ కాక్ వంటి మహనీయులు బాక్టీరియాలను ప్రయోగశాలలో పెంచి, వ్యాధులకు కారణాలను నిరూపించారు. ఒక జాతి బాక్టీరియాను మిగిలినవాటినుండి వేరుచేసి, పోషకద్రవంలో విడివిడిగా తేలియాడేటట్లు పెంచి చదవడం ఆ శాస్త్రానికి పద్ధతి అయింది. అయితే ప్రకృతిలో బాక్టీరియాలు అలా ఒంటరిగా తిరగడం తక్కువ. అవి చాలావరకు ఏదో ఒక ఉపరితలాన్ని పట్టుకొని గుంపుగానే జీవిస్తాయి. ఈ సత్యాన్ని కెనడా శాస్త్రజ్ఞుడు విలియం కోస్టర్టన్, ఆయన సహచరులు 1978లో ప్రకటించిన వ్యాసం ద్వారా లోకానికి గట్టిగా చాటారు. నాటినుండి జీవపొరల అధ్యయనం ఒక ప్రత్యేక శాఖగా ఎదిగింది.

జీవపొర ఏర్పడే తీరు ఒక కొత్త ఊరు వెలిసే తీరును పోలి ఉంటుంది. మొదట ఒకటి రెండు బాక్టీరియాలు వచ్చి ఉపరితలంపై వాలుతాయి. ఈ దశలో నీటి తాకిడికే అవి కొట్టుకొనిపోగలవు. అనుకూలంగా ఉంటే గట్టిగా అంటుకొని, విభజన చెంది, సంతతిని పెంచుకొంటాయి. ఆ తరువాత చక్కెరల గొలుసులు, మాంసకృత్తులు, డి.ఎన్.ఏ. పోగులు కలిసిన జిగట పదార్థాన్ని తమ చుట్టూ స్రవిస్తాయి. ఇది ఆ ఊరికి ప్రాకారం వంటిది. ప్రాకారం లోపల పోషకాలు, నీరు ప్రవహించడానికి సన్నని కాలువలు కూడా ఏర్పడతాయి. ఊరు పెరిగి ఇరుకైనప్పుడు కొన్ని బాక్టీరియాలు విడివడి, మరొకచోట కొత్త ఊరు కట్టడానికి బయలుదేరుతాయి.

ఈ ఊరు కాలువ గట్టుమీద వెలిస్తే మనకు నష్టం లేదు. మనిషి శరీరంలో వెలిస్తేనే ప్రమాదం. మూత్రం పోవడానికి అమర్చిన గొట్టంలో, కృత్రిమమైన మోకాటి కీలుపై, గుండెకు అమర్చిన కవాటంపై జీవపొర ఏర్పడితే దానిని నిర్మూలించడం అతికష్టం. మందు వాడినంతకాలం జ్వరం తగ్గుతుంది. ఆపగానే తిరిగి వస్తుంది. చివరకు అమర్చిన పరికరాన్నే తీసివేయవలసిన పరిస్థితి ఏర్పడుతుంది. 'సిస్టిక్ ఫైబ్రోసిస్' అనే వంశపారంపర్య వ్యాధి ఉన్నవారి ఊపిరితిత్తులలో 'సూడోమొనాస్ ఏరుజినోసా' అనే బాక్టీరియా జీవపొర కట్టి ఏళ్ళ తరబడి తిష్ఠవేస్తుంది.

మందులు జీవపొరపై ఎందుకు విఫలమవుతాయి? దీనికి ముఖ్యంగా మూడు కారణాలు చెప్పవచ్చు. మొదటిది, జిగట ప్రాకారం కొన్ని మందులను లోపలికి చొరనీయకుండా అడ్డుకొంటుంది. రెండవది, పొర అడుగున ఉన్న బాక్టీరియాలకు ఆహారం, ప్రాణవాయువు చాలినంత అందవు. అందువల్ల అవి ఎదుగుదల ఆపి, నిద్రాణస్థితిలో ఉంటాయి. మన యాంటీబయాటిక్ మందులలో చాలావరకు ఎదుగుతున్న కణాలనే దెబ్బతీస్తాయి. నిద్రించే కణాలను ఏమీ చేయలేవు. మూడవది, ఇరుగుపొరుగున ఒత్తిగా ఉన్న బాక్టీరియాలు మందును తట్టుకొనే జన్యువులను ఒకదానికొకటి అందించుకొంటాయి. ఈ కారణాలన్నీ కలవడం వల్ల జీవపొరలోని బాక్టీరియాను చంపడానికి, విడిగా ఉన్న అదే బాక్టీరియాకు కావలసినదానికంటే ఒక్కొక్కప్పుడు వేయి రెట్ల మందు అవసరమవుతుంది. అంత మందును రోగి శరీరం భరించలేదు.

యాంటీబయాటిక్ మందుల చరిత్రలో తెలుగువారికి గర్వకారణమైన ఘట్టం ఒకటి ఉంది. భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలకు సారథ్యం వహించిన కాలంలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవినుండి 'ఆరియోమైసిన్' మందును కనుగొన్నారు. 1948లో వెలువడిన ఆ మందు టెట్రాసైక్లిన్ కుటుంబానికి మొదటిది. అది మొదలు దాదాపు రెండు దశాబ్దాలపాటు కొత్త మందులు వరుసగా వచ్చాయి. తరువాత ఆ వేగం తగ్గింది. బాక్టీరియాలు మాత్రం మందులను ఎదిరించే శక్తిని పెంచుకొంటూ పోయాయి. మందులకు లొంగని బాక్టీరియాల వల్ల 2019వ సంవత్సరంలో ప్రపంచమంతటా సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించారని ఒక అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. ఈ మరణాలన్నీ జీవపొరల వల్లనే సంభవించినవి కావు. కానీ మందులను తట్టుకొనడం బాక్టీరియాలు నేర్చుకొనే పాఠశాలలలో జీవపొర ఒకటి. కాబట్టి కొత్త ఆయుధం కావాలి. శాస్త్రజ్ఞుల చూపు సముద్రం వైపు మళ్ళింది.

సముద్రం వైపే ఎందుకు? ఒక మిల్లీలీటరు సముద్రజలంలో దాదాపు పది లక్షల బాక్టీరియాలు ఉంటాయి. అందులో ఏ వస్తువును ముంచినా కొన్ని గంటలలోనే దానిపై బాక్టీరియాలు చేరతాయి. వాటి వెనుక సూక్ష్మ శైవలాలు, ఆ తరువాత గుల్లపురుగులు వచ్చి అంటుకొంటాయి. ఓడల అడుగుభాగాన్ని మాటిమాటికీ గీకి శుభ్రం చేయవలసి రావడానికి ఇదే కారణం. ఇటువంటి నీటిలో జీవితమంతా గడిపే నాచుకు పారిపోవడానికి కాళ్ళు లేవు, గీకివేయడానికి చేతులు లేవు, మనకున్నటువంటి రక్తకణాల రక్షణ లేదు. అయినా కొన్ని నాచులు ఎప్పుడూ కడిగినట్లు శుభ్రంగా కనిపిస్తాయి. తమను తాము కాపాడుకొనడానికి వాటికి ఏదో రసాయన కవచం ఉండాలని శాస్త్రజ్ఞులు ఊహించారు.

ఆ ఊహను నిజం చేసినది 'డెలీసియా పుల్క్రా' అనే ఎర్రనాచు. ఇది ఆస్ట్రేలియా ఆగ్నేయతీరంలో, సిడ్నీ నగర సమీపంలోని రాళ్ళపై పెరుగుతుంది. దీనిలో 'ఫ్యూరనోన్లు' అనే పదార్థాలు ఉన్నాయని రసాయన శాస్త్రజ్ఞులు 1977లోనే గుర్తించారు. వాటి ప్రయోజనం ఏమిటో అప్పటికి తెలియదు. 1990వ దశకంలో సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ స్టైన్‌బర్గ్, స్టాఫన్ షెల్లెబర్గ్, రాకీ డి నీస్ ఈ నాచును శ్రద్ధగా పరిశీలించారు. దాని దేహంపై ఉన్న ప్రత్యేక గ్రంథికణాలు ఫ్యూరనోన్లను నిలవచేసి, ఉపరితలం మీదికి విడుదల చేస్తున్నాయని తేలింది. ఇంతకంటే ఆశ్చర్యకరమైన సంగతి మరొకటి బయటపడింది. ఆ కొద్ది మోతాదులో ఫ్యూరనోన్లు బాక్టీరియాలను చంపడం లేదు. వాటి మధ్య జరిగే సంభాషణను మాత్రమే భగ్నం చేస్తున్నాయి!

బాక్టీరియాలు మాట్లాడుకొంటాయా అన్న సందేహం కలగడం సహజం. వాటికి నోరు లేదు; రసాయనాలే వాటి భాష. 1970లో కెన్నెత్ నీల్సన్, టెరీ ప్లాట్, వుడ్‌లాండ్ హేస్టింగ్స్ అనే శాస్త్రజ్ఞులు వెలుగును వెదజల్లే ఒక సముద్ర బాక్టీరియాను పరిశీలించారు. అది కొద్ది సంఖ్యలో ఉన్నప్పుడు వెలగదు. సంఖ్య బాగా పెరిగిన తరువాత అన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. ఒక్కొక్క కణం ఒక సంకేత పదార్థాన్ని కొద్దికొద్దిగా నీటిలోకి వదులుతుంది. గుంపు పెరిగినకొద్దీ ఆ పదార్థం సాంద్రత పెరుగుతుంది. అది ఒక హద్దు చేరగానే 'మనం చాలినంత మందిమి ఉన్నాము' అని కణాలు గ్రహించి, అందరూ కలిసి చేయవలసిన పనిని ప్రారంభిస్తాయి.

సంఘం సమావేశాలలో కోరం అనే మాట మనకు పరిచితమే. కావలసినంతమంది సభ్యులు హాజరైతేనే సభ తీర్మానం చేయగలదు. లేకపోతే వాయిదా పడుతుంది. బాక్టీరియాల పద్ధతి కూడా సరిగ్గా ఇదే కావడంతో 1994లో శాస్త్రజ్ఞులు దీనికి 'కోరం సెన్సింగ్' అని పేరు పెట్టారు. అనేక రోగకారక బాక్టీరియాలు విషపదార్థాలను విడుదల చేయడం, జీవపొరను దృఢంగా కట్టుకొనడం వంటి పనులను కోరం పూర్తయిన తరువాతనే చేపడతాయి. పదిమంది చేరకముందే దాడి చేస్తే శరీరం తమను మట్టుపెడుతుందని వాటికి తెలిసినట్లే ఉంటుంది.

ఇక ఎర్రనాచు చేసే పనిని గ్రహించడం సులభం. ఫ్యూరనోన్ అణువు ఆకారం బాక్టీరియాల సంకేత అణువు ఆకారాన్ని కొంత పోలి ఉంటుంది. రెండింటిలోనూ అయిదు పరమాణువుల వలయం ఉంది. తాళంలో నకిలీ చెవి దూరినట్లు ఫ్యూరనోన్ వెళ్ళి సంకేతాన్ని అందుకొనే మాంసకృత్తిని ఆటంకపరుస్తుంది. దానితో ఆ మాంసకృత్తి త్వరగా నశిస్తుంది. బాక్టీరియాలు వేల సంఖ్యలో ఉన్నా, 'కోరం పూర్తికాలేదు' అనుకొని ఊరకుంటాయి. సభ జరగదు, తీర్మానం ఉండదు, ఊరు వెలవదు. 1996లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు మైఖేల్ గివ్‌స్కోవ్, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు కలిసి ఈ విషయాన్ని ప్రకటించారు. నాచులోని పదార్థాన్ని అనుసరించి ప్రయోగశాలలో తయారుచేసిన ఫ్యూరనోన్‌తో 2003లో మరొక ముందడుగు పడింది. దాని ప్రభావానికి లోనైన సూడోమొనాస్ జీవపొర టోబ్రామైసిన్ అనే మందుకు సులభంగా లొంగింది. ఎలుకల ఊపిరితిత్తులలోని బాక్టీరియాలు కూడా త్వరగా తొలగిపోయాయి.

ఈ మార్గంలో ఒక విశేషమైన ఆశ ఉంది. చంపే మందు ఎదురైనప్పుడు దానిని తట్టుకోగలిగిన కొద్దిపాటి బాక్టీరియాలు మాత్రమే మిగిలి, వాటి సంతతియే వ్యాపిస్తుంది. చంపకుండా నిరాయుధులను చేస్తే ఆ ఒత్తిడి తక్కువగా ఉంటుందని శాస్త్రజ్ఞులు భావించారు. శత్రువును వధించడం కంటే శత్రువుల కూటమిని చెదరగొట్టడం మేలన్న రాజనీతి వంటిదే ఇది.

ఈ విజయం తరువాత ప్రపంచంలోని అనేక తీరాలలో నాచుల అన్వేషణ సాగుతోంది. ఆ పద్ధతిని స్థూలంగా తెలుసుకొందాం. మొదట పోటు తగ్గిన వేళ రాళ్ళమీది నాచును సేకరించి, జాతిని నిర్ధారించి, ఉప్పు, ఇసుక పోయేటట్లు కడిగి నీడలో ఆరబెడతారు. పొడిచేసి మిథనాల్ వంటి ద్రావణులలో నానబెట్టి సారం తీస్తారు. ఆ సారంలో వందలాది పదార్థాలు కలిసి ఉంటాయి. వాటిని క్రొమటోగ్రఫీ అనే ప్రక్రియతో భాగాలుగా వేరుచేస్తారు.

తరువాత పరీక్ష. చిన్నచిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలకలో బాక్టీరియాలను పెంచి, ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క భాగాన్ని కలుపుతారు. మరునాడు కడిగివేసి, ఊదారంగు అద్దకం వేస్తారు. జీవపొర ఏర్పడినచోట రంగు గాఢంగా నిలుస్తుంది, ఏర్పడనిచోట వెలవెలబోతుంది. సంభాషణను ఆపే శక్తిని కనిపెట్టడానికి మరొక చక్కని ఉపాయం ఉంది. 'క్రోమోబాక్టీరియం వయోలేసియం' అనే బాక్టీరియా కోరం పూర్తయితేనే ఊదారంగును తయారుచేస్తుంది. దాని మధ్య నాచుసారం ఉంచినప్పుడు చుట్టూ బాక్టీరియాలు బతికి ఉండి, రంగు మాత్రం కనిపించకపోతే ఆ సారం వాటి మాటను ఆపిందని అర్థం. బాక్టీరియాలే లేకపోతే అది చంపే పదార్థమని అర్థం. ఈ రెండింటి భేదాన్ని గుర్తించడమే పరిశోధకుని నేర్పు. ఇన్ని పరీక్షలకు నిలిచిన పదార్థం అణునిర్మాణాన్ని కనుగొని, అది మానవకణాలకు హాని చేస్తుందో లేదో పరిశీలిస్తారు. చాలా పదార్థాలు ఇక్కడే ఆగిపోతాయి.

ఎర్రనాచు ఒక్కటే కాదు, గోధుమరంగు నాచులు కూడా ఈ పోరాటంలో ఉన్నాయి. నార్వే తీరంలో పెరిగే 'లామినేరియా హైపర్‌బోరియా' అనే పెద్ద నాచులో 'ఆల్జినేట్' అనే చక్కెర గొలుసు ఉంది. దానిని చిన్న ముక్కలుగా చేసి పొడిగా పీల్పిస్తే ఊపిరితిత్తులలోని చిక్కని శ్లేష్మం, జీవపొర సడలుతాయేమోనని పరీక్షించారు. విచిత్రమేమంటే సూడోమొనాస్ తన ప్రాకారాన్ని కట్టుకొనేది కూడా ఆల్జినేట్‌తోనే! నాచు గొలుసు ముక్కలు బాక్టీరియా గొలుసుల అల్లికను చెదరగొడతాయని ప్రయోగశాలలో తేలింది. ముల్లును ముల్లుతోనే తీయాలన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. అయితే సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగులపై జరిపిన ఒక ప్రయోగం ఫలితాలు 2020లో వెలువడినప్పుడు, ఆ పొడి సురక్షితమని తేలింది గాని, శ్వాసశక్తి చెప్పుకోదగినంతగా పెరిగినట్లు నిరూపణ కాలేదు.

నిజానికి సూక్ష్మజీవశాస్త్రం నాచుకు ఏనాడో ఋణపడి ఉంది. రాబర్ట్ కాక్ ప్రయోగశాలలో బాక్టీరియాలను పెంచడానికి వాడిన జెలటిన్ వేడికి కరిగిపోయేది. అక్కడ పనిచేసే వాల్తర్ హెస్సే భార్య ఫానీ హెస్సే, తన వంటింటిలో జెల్లీలకు వాడే 'అగర్'ను ఉపయోగించమని 1881లో సలహా ఇచ్చింది. మన బజారులో 'చైనా గ్రాస్' పేరుతో దొరికేది అదే. అది ఎర్రనాచులనుండి లభిస్తుంది. నేటికీ ప్రతి ఆసుపత్రి ప్రయోగశాలలో బాక్టీరియాలను ఆ అగర్ మీదనే పెంచుతున్నారు. ఆనాడు ఒక గృహిణి సూచన లేకపోతే శత్రువును గుర్తించడమే ఆలస్యమయ్యేది.

మన దేశానికీ నాచుసంపద తక్కువ కాదు. విశాఖపట్నం తీరంలో అలలు కొట్టే రాళ్ళపై పచ్చని ఆకుల వంటి 'అల్వా' నాచును ఎవరైనా చూడవచ్చు. తమిళనాడులోని రామనాథపురం తీరంలో మత్స్యకార కుటుంబాల స్త్రీలు తరతరాలుగా నీటిలో మునిగి నాచును ఏరి జీవనం సాగిస్తున్నారు. ఏ రాయిపై ఏ నాచు ఏ ఋతువులో పెరుగుతుందో వారికి తెలుసు. జీవసంపదనుండి లభించే మేలులో స్థానికులకు న్యాయమైన వాటా ఉండాలని మన దేశం 2002లో జీవవైవిధ్య చట్టాన్ని చేసింది. నాచునుండి రేపు ఒక మందు పుడితే, ఆ నాచును మొదట గుర్తుపట్టినవారిని మరువకపోవడం మన ధర్మం.

ఇంతకూ ఫ్యూరనోన్ మందుగా మన చేతికి వచ్చిందా అంటే, ఇంకా రాలేదనే చెప్పాలి. బ్రోమిన్ కలిగిన ఈ పదార్థాలలో కొన్ని మానవకణాలకు కూడా హాని చేస్తాయి. పైగా ఫ్యూరనోన్‌ను బయటికి నెట్టివేసే నేర్పును సూడోమొనాస్ అలవరచుకోగలదని 2012లో కొందరు పరిశోధకులు చూపారు. నిరాయుధులను చేస్తే శత్రువు ఎదురుతిరగడన్న ఆశ పూర్తిగా నిజం కాలేదు. అయినా ఆ అన్వేషణ వృథా పోలేదు. చంపడం ఒక్కటే మార్గం కాదని, మాటను ఆపడం కూడా ఒక చికిత్స కాగలదని ఒక చిన్న నాచు వైద్యశాస్త్రానికి నేర్పింది. నేడు పాత మందులకు తోడుగా ఇటువంటి పదార్థాలను వాడే విధానాలను పరిశోధకులు వెదుకుతున్నారు.

చివరగా మరొక విషయం. సిడ్నీ తీరంలో డెలీసియా నాచు కొన్ని వేసవులలో తెల్లగా పాలిపోతోంది. సముద్రజలం వేడెక్కినప్పుడు దాని ఒంటిలో ఫ్యూరనోన్లు తగ్గుతున్నాయనీ, కవచం పలచబడిన ఆ అదను చూసి బాక్టీరియాలు దానిపై దాడి చేస్తున్నాయనీ 2011లో ప్రకటించిన పరిశోధనలు తెలిపాయి. మనకు ఉపాయం చెప్పిన నాచుకే మనవల్ల ఆపద వచ్చింది. భూగోళాన్ని వేడెక్కిస్తున్నది మనమే కదా! పేరు పెట్టకముందే కనుమరుగయ్యే నాచు ఎంత గొప్ప మందును తనతో తీసుకొనిపోతుందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి సముద్రతీరానికి వెళ్ళినప్పుడు కాలికి తగిలిన నాచును 'పాచి' అని చీదరించుకొని తన్నివేయకుండా, ఒక్కసారి వంగి చూడాలి. మన రోగానికి మందు దాని ఒంటిమీదనే ఉండవచ్చు.